పాఠము అప్పగించుట చదువుట కాదు



మా మనుమరాలు ఇక్కడి తెలుగు బడిలో మూడవ తరగతి చదువుచున్నది. రెండు నెలల క్రిందట ఒక సాయంకాలము వాచకము తెచ్చుకొని నా ఎదుట కూర్చుండి, ఒక పాఠము తప్పు లేకుండ గడగడ చదివినది. సంతోషించితిని. కాని చూడగా, వ్రేలు మూడవ పంక్తిమీద ఉన్నది, నోరు ఐదవ పంక్తిలో ఉన్నది. అనుమానము కలిగి, ఆ పాఠములోని మాటలతోనే రెండు చిన్న వాక్యములు కాగితముపై వ్రాసి ఇచ్చితిని. బిడ్డ కాగితమువైపు ఒకసారి, నావైపు ఒకసారి చూచి, "ఇది మాకు చెప్పలేదు తాతా" అన్నది.

నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడను. చేవ్రాలు చేయనేర్చి, తాము చేవ్రాలు చేసిన కాగితమును చదువనేరని రైతులను ఎందరినో చూచితిని. పట్టాలో సర్వే నంబరు తప్పుపడినను, ప్రక్కవాడు చదివి చెప్పినదే వారికి ప్రమాణము. ఆ తరమువారికి బడి అందలేదు. బడి అందిన ఈ బిడ్డలకును అదే గతి పట్టుట న్యాయమా?

ఇది మా ఊరి కష్టము మాత్రమే కాదు. 2024 అసర్ సర్వేలో, దేశమందలి పల్లెల ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి సుమారు 23 మంది మాత్రమే. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువవలెనని కేంద్రప్రభుత్వమువారు 2021లో నిపుణ్ భారత్ ప్రారంభించి, 2026-27 గడువుగా పెట్టిరి.

మావంటి సరిహద్దు ప్రాంతములవారికి మరియొక చిక్కు గలదు. తమిళనాడులో 2006 నాటి చట్టముచే తమిళము అన్ని బడులలోను తప్పనిసరి. కావున తెలుగు బిడ్డ మొదటి తరగతిలోనే తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు లిపులను మోయవలసి వచ్చుచున్నది. తమిళమున క, గ లకు ఒకటే అక్షరము. తెలుగున వేరు వేరు. తమిళమున పొల్లునకు పైన చుక్క. తెలుగున వత్తు క్రిందికి దిగును. ఒకటి కుదురుకొనకముందే మరియొకటి వచ్చి పడిన, బిడ్డ అన్నిటిని కంఠస్థము చేసి గండము గడుపుకొనును.

తమిళము వద్దని నేను అనుట లేదు. నా ఉద్యోగమంతయు తమిళముననే సాగినది; అన్నము పెట్టిన భాష అది. కాని చదువుట అను విద్య బిడ్డకు మొదట తన ఇంటి మాటలో పట్టుబడవలెను. అది పట్టుబడినచో రెండవ లిపి సులభము. తెలుగు బాగుగ చదువువారికి కన్నడ లిపి కొద్ది దినములలో వచ్చుట హోసూరులో అందరెరిగినదే. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో చేర్చిన రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచునే యున్నది. మొదటి ఆరు మాసములు తమిళమును, ఇంగ్లీషును మాటలలో, ఆటలలో నేర్పి, చదువుట మాత్రము తెలుగున గట్టిపరచరాదా?

ఇక బోధన సంగతి. అక్షరమాల అంతయు, పిదప గుణింతములన్నియు, ఆ పిదప వత్తులు అని వల్లింపజేసినచో బిడ్డకు మాట కంటబడుటకే ఏడాది గడచును. త, ల, వ, క, ప రాగానే తల, వల, కల, పలక అని చదివింపవచ్చును. రెండవది, నెలకొకసారి వాచకములో లేని నాలుగు వాక్యములు ఇచ్చి ఒక్కొక్క బిడ్డచేత విడిగా చదివించి, అర్థమైనదో లేదో ఒక ప్రశ్న వేయవలెను. బిడ్డకు రెండు నిమిషములు చాలును. ముప్పదిమంది గల తరగతికి గంట పని. వెనుకబడినవారిని దినమునకు అరగంట వేరుగా కూర్చుండబెట్టవలెను. దీనికి క్రొత్త నిధులు అక్కరలేదు. విద్యాధికారులును, తెలుగు బడుల యాజమాన్యములును దీనిని ఆలోచింతురుగాక.

మనము ఇంటివద్ద ఊరకుండరాదు. ఆ దినము మొదలు నేను మనుమరాలితో ప్రతి సాయంకాలము పది నిమిషములు కూర్చుండుచున్నాను. నిన్న మా ఇంటికి వచ్చిన శుభలేఖలో పెండ్లికూతురి పేరు తానే చదివినది. గడగడ కాదు, వ్రేలు పెట్టి, కూడబలుకుకొనుచు. ఈసారి వ్రేలును నోరును ఒకచోటనే ఉన్నవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు