చిగుళ్ళును చక్కెరయు

నస్పూరు, శ్రీరాంపూరు కాలనీలలో సంసారమంతయు షిఫ్టు వేళలనుబట్టి నడచును. మొదటి షిఫ్టునకు పోవువారికి తెల్లవారకమునుపే సద్ది కట్టవలెను. రాత్రి షిఫ్టునుండి వచ్చినవారికి పగటినిద్ర చెడకుండ పిల్లలను కాచుకొనవలెను. ఈ పనుల నడుమ ఇల్లాలు తన చిగుళ్ళనుండి కాఱు నెత్తురును లెక్కచేయదు. ఉమ్మిలో ఎఱ్ఱచాఱ కనబడినను, పుల్ల గట్టిగా తగిలినదనుకొని పుక్కిలించి ఊరకుండును. మధుమేహము, అనగా షుగరువ్యాధి, ఉన్నవారు ఇట్లు ఉపేక్షింపరాదని చెప్పుటకే ఈ నెల మేమీ విషయమును చేపట్టితిమి.

పండ్లమీద నిత్యము పాచి పేరుకొనును. తీయనిచో అది గట్టిపడి గార యగును. అందలి సూక్ష్మక్రిములవలన చిగుళ్ళు వాచి, నెత్తురు కాఱి, క్రమముగా పంటినుండి విడిపోవును. పంటిని పట్టియుంచు ఎముకయు కరగును. ఇందు తొలుత నొప్పి యుండదు గనుక రోగమే లేదని పలువురు భ్రమపడుదురు. 1993లో హెరాల్డ్ లోయె అను దంతశాస్త్రజ్ఞుడు దీనిని మధుమేహముయొక్క ఆఱవ ఉపద్రవమని పేర్కొనెను. కన్నులు, మూత్రపిండములు, నరములు, రక్తనాళములు చెడుట, పుండ్లు మానకుండుట అనువాని సరసన దీనిని చేర్చెనన్నమాట.

క్రిములతో పోరాడునపుడు మన తెల్లరక్తకణములు కొన్ని తీక్ష్ణపదార్థములను వెడలించును. అవి క్రిములనే గాక చిగుళ్ళ కండనుకూడ చెఱచును. ఆ తీక్ష్ణతను అణచుటకు దేహమున విటమిన్ సి, గ్లుటాథియోన్ మొదలగు ద్రవ్యములు గలవు. వీనినే యాంటీఆక్సిడెంట్లందురు. రక్తమున చక్కెర హెచ్చినపుడు తీక్ష్ణపదార్థములు మఱింత పుట్టును. ఆదాయమునకు మించి ఖర్చు పెరిగిన యింటివలె దేహమున ఈ ద్రవ్యముల నిలువ తఱుగును. అంతియగాక, చిగుళ్ళ వాపు రక్తముద్వారా దేహమంతట ప్రభావము చూపి ఇన్సులిన్ పనిని మందగింపజేయును. ఇట్లు చక్కెర చిగుళ్ళను చెఱచును. చిగుళ్ళు చక్కెరను పెంచును.

సంతోషకరమైన సంగతి యేమనగా, ఈ వలయమును ఒకచోట తెంపవచ్చును. దంతవైద్యుడు చిగుళ్ళ పైనను, అడుగునను ఉన్న గారను తీసివేయుటయే ప్రధానచికిత్స. 2022లో కోక్రేన్ సంస్థవారు 3,249 మందిపై జరిగిన 35 పరిశోధనలను పరిశీలించిరి. చికిత్స పొందినవారికి, మూడునెలల సగటు చక్కెరను దెలుపు హెచ్‌బిఏ1సి అంకె, మూడునాలుగు నెలలలో పొందనివారికంటె సగటున 0.43 తగ్గినది. 8.4 ఉన్నవారికి అది సుమారు 8 అగుటవంటిది. చికిత్సానంతరము యాంటీఆక్సిడెంట్ల బలము పెరిగినదని పలు పరిశోధనలు తెలిపినవి. కొన్నిటిలో భేదము అంతగా కానరాలేదు. అయినను ఇది మందునకు తోడేగాని మందునకు బదులు కాదు. షుగరు బిళ్ళలను, ఇన్సులిన్‌ను వైద్యుడు చెప్పక మానరాదు.

గార తీయించినచో పండ్లు కదలునని మన స్త్రీలలో ఒక భయము గలదు. వాపు తగ్గినపుడు చిగురు కుదించుకొని సందులు కనబడును. కొన్నిదినములు చల్లనినీరు జివ్వుమనును. గార తీసినందున పన్ను వదులు కాదు. అంతకుమునుపే ఎముక కరగి వదులైన పన్ను, గార పోయినపిదప బయటపడును.

బొగ్గు దొరకు సీమ గదా యని బొగ్గుపొడితోను, ఇటుకపొడితోను పండ్లు తోమరాదు. పంటిపై మెఱుగు అరగును. మెత్తని బ్రష్షుతో దినమునకు రెండుమారులు తోమవలెను. గనిలోపల పొగత్రాగుట నిషిద్ధమగుటచే తంబాకు నమలు అలవాటు కొందఱికి కలుగును. అది చిగుళ్ళకు శత్రువు. నోటిపుండు కాన్సరునకు మూలము.

యాంటీఆక్సిడెంట్లకై ఖరీదైన బిళ్ళలు కొననక్కఱలేదు. ఉసిరికాయ, మునగాకు, తోటకూర, చింతచిగురు, టమాట మన వంటింటివే. జామపండును మితముగా, రసము తీయక తినవలెను.

గోదావరిఖని, రామకృష్ణాపూరులలో సింగరేణి ఆసుపత్రులు, మంచిర్యాలలో ప్రభుత్వాసుపత్రి గలవు. షుగరు పరీక్షకు పోయినపుడే చిగుళ్ళనుకూడ చూపుమని, అవసరమైనచో దంతవైద్యునియొద్దకు పంపుమని అడుగుడు. దంతవైద్యునియొద్దకు పోవునాడు వేళకు భుజించి, మందు వేసికొని, చక్కెర లెక్కల కాగితమును వెంట గొనిపొండు. రక్తము పలుచబడుటకు మందు వాడుచున్నచో ముందే తెలుపుడు.

గని పనివారికి నియమితకాలమున వైద్యపరీక్ష జరుగును. ఇల్లాలికి అట్టి పరీక్ష నియమించినవారు లేరు. కావున సోదరీమణులారా, రేపటి ఉదయము ముఖము కడుగునపుడు మీ చిగుళ్ళను అద్దములో చూచుకొనుడు. మీ అత్తగారిని, అమ్మగారినికూడ అడుగుడు. ఎఱుపు, వాపు, నెత్తురు ఉన్నచో ఇంటిపని ముగియువఱకు ఆగవద్దు. ఇంటిపని ఎన్నడును ముగియదు.