దర్భ అనుకొని తుంగ తెచ్చిన కథ

మొన్న మహాలయ అమావాస్యనాడు మా పక్కింటి కుర్రవాడు, తాతగారు తర్పణాలకు దర్భలు కావాలన్నారని ఇరై ఏటి ఒడ్డుకు సైకిలు మీద పోయి, నవనవలాడే పచ్చటి కట్ట ఒకటి కోసుకొచ్చాడు. పురోహితులవారు ఒక కాడ తీసి వేళ్ళ నడుమ దొర్లించి, "నాయనా, ఇది తుంగ. దర్భ కాదు" అన్నారు. కుర్రవాడు చిన్నబోయాడు. నిజం చెప్పవద్దూ, అక్కడ కూర్చున్న మాకూ ఆ తేడా తెలియదు!

వెనకటివారికి ఈ తిప్పలు లేవు. శ్రావణ బహుళ అమావాస్యనాడు దర్భ కోసి ఏడాదికి సరిపడా దాచుకునేవారు. మన పొలాల అమావాస్య, ఇక్కడివారి పోళా పండుగ ఆ రోజే గదా. విదర్భ అంటే దర్భ లేని నేల అని అర్థం చెప్పేవారూ ఉన్నారు గాని, మన ఏటిగట్లు చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

తరువాత పురోహితులవారినే అడిగి కొంత తెలుసుకున్నాము. గడ్డిజాతి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులుంటాయి, ఆకులు రెండు వరుసలలో అటొకటి ఇటొకటిగా వస్తాయి. తుంగ కాడకు చాలావరకు మూడు పలకలు, కణుపులు కనబడవు, ఆకులు మూడు వరుసలు. మరాఠీవారు దీన్నే లవ్హాళా అంటారు. చెరువులో గోధుమరంగు కండెలు నిలబెట్టే జమ్ము కూడా గడ్డి కాదు. దర్భ ఆకు సన్నగా, బిరుసుగా ఉంటుంది. కొస నుంచి మొదలుకు వేలు దూస్తే రంపంలా కోస్తుంది, జాగ్రత్త సుమండీ!

దసరా రోజులలో ఏటి ఇసుక మీద తెల్లటి వెండి కుచ్చులూపేది రెల్లు, ఇక్కడివారి కాస. ఆకు నడుమ తెల్లని ఈనె స్పష్టంగా కనబడుతుంది. కుమారస్వామి పుట్టిన పొద ఇదేనని మనవారు చెప్పుకుంటారు. పనికిరాని గడ్డి అని తీసిపారేయకండి. కోయంబత్తూరులో 1912లో పెట్టిన చెరకు పరిశోధన కేంద్రంలో బార్బరు దొరగారు, వెంకట్రామన్ గారు చెరకును ఈ రెల్లుతో సంకరపరచి కో 205 అనే రకం తీశారు. మనం తాగే కాఫీలోని పంచదారకు రెల్లు దూరపు మేనమామ అన్నమాట.

వట్టివేరుది వేరే తంతు. ఆకు నలిపితే వాసన రాదు, సువాసనంతా వేళ్ళలోనే. పొద నిటారుగా, గుబురుగా ఉంటుంది, వేళ్ళు లోతుకు దిగి గట్టును పట్టుకుంటాయి. ఎండ 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో తడికెలకు దీన్ని మించినది లేదు గాని, మొత్తం పెకలిస్తే గట్టు కోసుకుపోతుంది. సగం పొద వదలండి.

ఇంకొక మాట. ఆడవారూ పిల్లలూ ఎత్తైన గడ్డిలోకి ఒంటరిగా పోవద్దు. విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల పొదలలో పులులు, చిరుతలు తిరగడం ఊరందరికీ తెలిసిందే. పొద్దెక్కాక, నలుగురూ కలిసి, గొంతెత్తి మాట్లాడుకుంటూ పోవాలి. కుర్రవాడు ఆనాడు ఒక్కడే పోయినందుకు వాళ్ళ తాతగారు తుంగ తెచ్చినదానికన్నా ఎక్కువ కోప్పడ్డారు.

వచ్చే పోళా నాటికి మమ్మల్నీ రమ్మని కుర్రవాడు అడిగాడు. కొడవలి వాడే తెస్తాడట.