రాజసౌధానికి నీళ్లెక్కడివి?

నక్షత్రాల మధ్య ఓడలు తిరిగే కాలం వచ్చాక కూడా సింహాసనాలు, సామంతులు, అంతఃపురాలు ఎందుకని సైన్స్ ఫిక్షన్ పాఠకులు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. రచయితల బద్ధకమని కొట్టిపారేయొచ్చు. కొందరి విషయంలో అది నిజమే. అయితే ఈ ప్రక్రియలో నిలిచిన నవలలు రాజభవనంతో ఒక పని చేయించుకున్నాయి. ఎవరు తింటున్నారు, ఎవరు పండించి పెడుతున్నారు అన్న లెక్కను ఒకేచోట కుప్పపోసి చూపించాయి.

ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' కథలు 1942లో పత్రికలో మొదలై 1951లో పుస్తకమయ్యాయి. అందులో గెలాక్సీ సామ్రాజ్యానికి రాజధాని ట్రాంటర్. గ్రహమంతా లోహపు కప్పు కిందే బతుకుతుంది. జనాభా 4 వేల కోట్లకు పైమాటే. కాస్త మట్టి, నాలుగు చెట్లు, పూలు కనిపించేది చక్రవర్తి భవనం ఆవరణలోనే. అంత సామ్రాజ్యంలోనూ రాజుగారి విలాసం పచ్చటి నేల! ఆ మహానగరానికి కూడు మాత్రం 20 వ్యవసాయ గ్రహాల నుంచి ఓడల్లో దిగాలి. రోమన్ సామ్రాజ్య పతనంపై గిబ్బన్ రాసిన చరిత్రే ఈ కథలకు ప్రేరణ అని అసిమోవ్ చెప్పుకున్నాడు. ఈజిప్టు ధాన్యం మీద బతికిన రోమ్ ఇందులో తేలిగ్గానే గుర్తుకొస్తుంది. 1952లో వచ్చిన రెండో సంపుటంలో ట్రాంటర్ కొల్లగొట్టబడి ఉంటుంది. మిగిలిన జనం లోహపు పలకలు ఊడబీకి, వేరే గ్రహాలకు అమ్మి, విత్తనాలూ పశువులూ కొనుక్కుంటారు. అంతటి వైభవమూ చివరికి పాతసామాను కింద జమ.

ఫ్రాంక్ హెర్బర్ట్ నవల 'డ్యూన్' (1965) ఈ లెక్కకు ఇంకా దగ్గరికి తీసుకెళ్తుంది. చుక్క నీటికి ప్రాణమిచ్చే ఎడారి గ్రహం అరాకిస్. అక్కడి పాలకుడి భవనం ముందు 20 ఖర్జూర చెట్లు. ఒక్కో చెట్టు రోజుకు 40 లీటర్లు తాగుతుంది, మనిషికి 8 చాలు. అంటే ఆ అలంకారం 100 మంది దాహం. విందు రోజున ఇంకో ఆచారం బయటపడుతుంది. అతిథులు తొట్టిలో చేతులు ముంచి, నీళ్లు నేల మీద ఒలకబోసి, తువ్వాలుతో తుడుచుకుని దాన్ని ఆ మడుగులోనే పడేయాలి. విందు అయ్యాక ఆ తువ్వాళ్లు పిండిన నీళ్ల కోసం వాకిట్లో బిచ్చగాళ్లు కాచుకుని ఉంటారు. పనిమనిషి ఆ నీళ్లకూ చిల్లర వసూలు చేస్తోందేమోనని అక్కడి పాలకుడు డ్యూక్ లెటోకు అనుమానం. ఆచారం ఆపించి, భోజనవేళ గుమ్మానికి వచ్చిన ప్రతివారికీ కప్పుడు నీళ్లివ్వమంటాడు. ఆ భవనం ఎత్తెంతో పాఠకుడికి గుర్తుండకపోవచ్చు. తడిసిన ఆ తువ్వాలు మాత్రం మరిచిపోడు.

మన దగ్గర 2024లో నాగ్ అశ్విన్ సినిమా 'కల్కి 2898 ఏడీ' ఇదే దారి తొక్కింది. ఎండిపోయిన కాశీ మీద తలకిందుల పిరమిడ్‌లా పాలకుల నివాసం 'కాంప్లెక్స్' నిలబడుతుంది. అక్కడికి చేరాలంటే యూనిట్లనే డబ్బు కూడబెట్టుకోవాలి. ఊహ గట్టిదే. కాకపోతే కెమెరా ఆ ఆకారాన్ని చూసి మురిసినంతగా, లోపలి పచ్చదనాన్ని నిలబెట్టే చాకిరీని చూడలేదు.

పురవర్ణన మనకు కొత్త కాదు. అష్టాదశ వర్ణనల్లో నగరానిది మొదటి వరస. కోటగోడలు, మేడలు, అగడ్తలు వర్ణించడంలో ప్రబంధ కవులు మనకు ఏ లోటూ మిగల్చలేదు. ఆ అలవాటు వల్లనే కాబోలు, ఇప్పటి మన సైన్స్ ఫిక్షన్ కథల్లోనూ గాజు గుమ్మటాలు, గాల్లో తేలే సభామండపాలు ఇట్టే లేచిపోతున్నాయి. ఆ సభకు నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో, రాత్రి ఎంగిలి పళ్లేలు ఎవరు కడుగుతున్నారో కథ పట్టించుకోదు. అది తేల్చుకోని రచయితకు తన రాజ్యంలో ఎవరు ఎందుకు తిరగబడతారో కూడా తెలియదు. అందుకే కథ సగంలో ఎక్కడి నుంచో విలన్‌ను దించుకోవాల్సి వస్తోంది.

మాకు కథలు పంపే మిత్రులకు ఒక్క మనవి. సింహాసనం వర్ణన రెండు వాక్యాలు తగ్గినా నష్టం లేదు. వంటశాలకు సరుకు దించే కూలీకి మాత్రం ఒక పేరు పెట్టండి, అతనికి కూలి ఎంత ముడుతుందో రాయండి.