బోరు మోటరు, ఫ్యూజన్ బిల్లు

మొయినాబాద్ పూల తోటల్లో బోరు పక్కన కర్రకు బిగించిన ఇనుప డబ్బా ఒకటి కనిపిస్తుంది. అందులో పచ్చ బటన్ నొక్కితే మోటరు గుర్రుమంటుంది, చామంతి సాళ్లకు నీళ్లు పారతాయి. ఆ కరెంటుకు రైతు యూనిట్‌కు పైసా కట్టడు. 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలైంది పక్కనున్న చేవెళ్లలోనే. మరుసటి ఏడాది మే 14న ముఖ్యమంత్రిగా ఆయన తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటలూ ఇస్తున్నారు. బిల్లు ఎక్కడికీ పోలేదు, ఖజానా మీద పడింది. నాకు దాంతో పేచీ లేదు. కట్టేది ఎవరో అందరికీ తెలుసు, అసెంబ్లీలో ఏటా దాని మీద కొట్లాట కూడా జరుగుతుంది.

రేపటి కరెంటు మీద అలాంటి కొట్లాట ఏదీ? ఆ కరెంటు పేరు ఫ్యూజన్, అంటే పరమాణు కేంద్రకాలను కలిపి పుట్టించే శక్తి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో ఏడుగురు భాగస్వాములు. అందులో మనమూ ఉన్నాం, నిర్మాణంలో మన వాటా సుమారు 9 శాతం. రియాక్టర్‌ను కప్పి ఉంచే 3,850 టన్నుల క్రయోస్టాట్ భాగాలు గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ చేసినవే. కానీ అసలు ఇంధనంతో ప్రయోగాలు 2039కి వాయిదా పడ్డాయి. 2022 డిసెంబర్ 5న అమెరికాలో ఒక ఫ్యూజన్ ప్రయోగంలో 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతికి 3.15 మెగాజౌళ్ల శక్తి వచ్చిందని ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఆ లేజర్లు గ్రిడ్ నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లని పత్రికలు చిన్న అక్షరాల్లో రాశాయి.

ఇంత దూరపు పంటకు వ్యాపారి ముందే విత్తనం పెట్టడు. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు డాలర్లు కుమ్మరిస్తున్నాయంటే, అంతకుముందు దశాబ్దాల పాటు సర్కారీ ప్రయోగశాలలు జనం సొమ్ముతో దారి వేశాయి కాబట్టే. మనమేమో పరిశోధన మొత్తానికీ కలిపి జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఆగిపోయాం.

ఐటర్ ఒప్పందంలో నాకు నచ్చింది ఒకటుంది. 9 శాతం పెట్టిన దేశానికీ అక్కడ పుట్టే పరిజ్ఞానమంతా అందుతుంది. 2025లో కేంద్రం లక్ష కోట్ల పరిశోధన నిధికి ఆమోదం తెలిపింది. ప్రైవేటు సంస్థలకు తక్కువ వడ్డీకి, కొన్నిటికి వడ్డీ లేకుండానే దీర్ఘకాలిక రుణాలిస్తారు. ఐటర్‌లో లాగే ఆ సొమ్ముతో పుట్టే పేటెంట్లలోనూ, సొమ్ము పెట్టిన జనానికి వాటా ఉండాలి. ఆ నిధి కేంద్రానిది, చేవెళ్లేమో లోక్‌సభ స్థానం కూడా. ఉచిత కరెంటు పేరు చెప్పి ఓటడగడానికి వచ్చేవాళ్లను ఈసారి ఆ వాటా ఎంతో అడగండి.