దూరదర్శన్ కన్ను: రంగు మారింది, మరి చూపు?

2024 ఏప్రిల్ 16న డీడీ న్యూస్ కొత్త రంగుతో తెరమీదికి వచ్చింది. అప్పటిదాకా ఎర్రగా ఉన్న గుర్తు కాషాయంలోకి మారింది. విలువలు అవే, రూపం మాత్రమే కొత్తది అని చానల్ సోషల్ మీడియాలో చెప్పుకుంది. మరో మూడు రోజుల్లో లోక్‌సభ ఎన్నికల తొలి విడత పోలింగ్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్ల వంతు మే 13న. సరిగ్గా ఆ సమయంలో ప్రభుత్వ వార్తా చానల్ రంగు మారడంతో గొడవ మొదలైంది.

పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ, తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఇది కాషాయీకరణే అన్నారు. 2012 నుంచి 2016 దాకా ప్రసార భారతి సీఈఓగా పనిచేసిన జవహర్ సర్కార్ ఇంకా ఘాటుగా స్పందించారు. ఇది ప్రసార భారతి కాదు, ప్రచార భారతి అన్నది ఆయన విమర్శ. ఆయన అప్పటికి ప్రతిపక్ష ఎంపీ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అప్పటి సీఈఓ గౌరవ్ ద్వివేది మాత్రం అది కాషాయం కాదు, నారింజ రంగని, కంటికి ఇంపుగా ఉండాలనే మార్చామని జవాబిచ్చారు. దూరదర్శన్ గుర్తు మొదట్లో కాషాయమేనని వాదించినవాళ్లూ ఉన్నారు.

ఆ వాదన నిలుస్తుందో లేదో చూడాలంటే చరిత్రలోకి వెళ్లాలి. ఢిల్లీలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న మొదలయ్యాయి. ఇప్పుడు జనానికి తెలిసిన కన్ను గుర్తు అప్పటికి పుట్టనే లేదు. అది 1970లలో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో తయారైంది. అక్కడ విద్యార్థిగా ఉన్న దేబాశిష్ భట్టాచార్య మధ్యలో ఒక గుండ్రం, దాని చుట్టూ రెండు వంపులు గీశారు. చూస్తే మనిషి కన్నులా ఉంటుంది. ఆ వంపులు గిర్రున తిరిగి కన్నుగా మారే కదలికను తర్వాత చేర్చారు. దానికి తోడుగా షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుసేన్ ఖాన్, పండిత్ రవిశంకర్ కలిసి బాణీ కట్టారు. బెంగాలీ విద్యార్థి గీత, ముస్లిం ఉస్తాద్ షెహనాయి, హిందూ పండితుడి సితార్ అనుభవం, మూడూ కలిస్తే దూరదర్శన్ అయింది. 1982లో ఆసియా క్రీడల ఏడాది రంగుల ప్రసారాలు వచ్చేదాకా దేశం ఆ కన్నును నలుపు తెలుపుల్లోనే చూసింది. కాబట్టి మొదట్లో కాషాయం అన్న మాట సామాన్య ప్రేక్షకుడి అనుభవంలో లేనిది.

అయితే ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. ఆకాశవాణి నుంచి విడిపోయి దూరదర్శన్ సొంత కాళ్ల మీద నిలబడింది 1976 ఏప్రిల్ 1న. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ. పత్రికల మీద సెన్సార్, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో. ప్రభుత్వం చెప్పిందే టీవీలో వార్త. అంటే అందరూ ఇష్టపడ్డ ఆ కన్ను తెరుచుకున్న రోజుల్లో దాని చూపు స్వేచ్ఛగా లేదు. గుర్తు అందంగా ఉన్నంత మాత్రాన వార్త నిజాయితీగా ఉండదు. ఆనాటి పాలకుల పార్టీ వేరు, ఈనాటి పాలకుల పార్టీ వేరు. జబ్బు మాత్రం పాతదే.

ఆ జబ్బుకు మందుగానే 1990లో పార్లమెంటు ప్రసార భారతి చట్టం చేసింది. 1997 నవంబర్‌లో సంస్థ ఏర్పడింది. ప్రజా ప్రయోజనమున్న ప్రతి విషయాన్నీ స్వేచ్ఛగా, నిజంగా, నిష్పాక్షికంగా తెలుసుకునే పౌరుడి హక్కును కాపాడాలని ఆ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. భిన్నాభిప్రాయాలు చూపించాలి, సంస్థ తనంతట తాను ఏ భావజాలాన్నీ ప్రచారం చేయకూడదు అంటుంది. మైనారిటీల, గిరిజనుల ప్రత్యేక అవసరాలకు తగ్గ కార్యక్రమాలు ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. 2006 ఆగస్టు 15న మొదలైన డీడీ ఉర్దూను ఆ దృష్టితో చూడాలి. అది ఎవరో దయతలిచి ఇచ్చిన బహుమతి కాదు, చట్టం చెప్పిన బాధ్యత.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. 2017లో గుర్తు మార్చాలని దూరదర్శన్ అనుకున్నప్పుడు పోటీ పెట్టి ప్రజల నుంచి డిజైన్లు అడిగింది. వేల సంఖ్యలో వచ్చాయి. పాత కన్ను తీసేయొద్దన్న మాటా గట్టిగా వినిపించింది. చివరికి ఆ కన్నే నిలిచింది. 2024లో అలా జనాన్ని అడిగింది లేదు. ఒక పార్టీ జెండాను గుర్తుచేసే రంగు, అదీ ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు, తెరమీదికి వచ్చేసింది. అది నారింజ రంగే అనుకున్నా, ఎన్నికలు అయ్యేదాకా ఆగితే పోయేదేముంది? గుర్తింపు పొందిన పార్టీలన్నింటికీ ఎన్నికల వేళ ఉచితంగా ప్రసార సమయం ఇచ్చేది దూరదర్శనే. ఆ వేదిక అందరిదీ అన్న నమ్మకం పోతే నష్టం ఒక్క పార్టీకి కాదు.

రంగును చూసి ఉలిక్కిపడాల్సిన పని కూడా లేదు. కాషాయం ఒక పార్టీ సొంత ఆస్తి కాదు, జాతీయ జెండాలోనూ ఉంది. తెలుగువాళ్ల ప్రభుత్వ చానళ్ల పేర్లు చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి, తెలంగాణకు యాదగిరి, రెండూ గుడులున్న కొండల పేర్లే. ఆ పేర్లు ఉన్నంత మాత్రాన అవి ముస్లిం కుటుంబాలకు పరాయి చానళ్లు అయిపోవు. పేరు కన్నా, రంగు కన్నా లోపల ఏం చూపిస్తున్నారన్నదే లెక్క.

అందుకే ప్రేక్షకులు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. మంత్రి ప్రసంగానికి ఎన్ని నిమిషాలు, ప్రతిపక్షం జవాబుకు ఎన్ని? ముస్లిం బస్తీలు పండగలప్పుడు, గొడవలప్పుడు తప్ప వార్తల్లో కనిపిస్తున్నాయా? అక్కడి బడి, ఆసుపత్రి, నీళ్లు, ఉద్యోగాల సంగతి ఎవరైనా అడుగుతున్నారా? డీడీ ఉర్దూలో కొత్త కార్యక్రమాలు ఎన్ని వస్తున్నాయి? పన్నులు కట్టే ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్నలు అడిగే హక్కుంది, ఎందుకంటే ప్రసార భారతి నడిచేది ఎక్కువగా ఖజానా సొమ్ముతోనే.

రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి ఆ గుర్తుకు ఇంకో రంగు వేయొచ్చు. అప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. కన్నుకు కాటుక ఎవరు దిద్దినా, అది అందరినీ ఒకేలా చూస్తోందా లేదా అన్నదే ముఖ్యం.