కాఫీ కానుకగా ఇస్తారా? ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ఆన్‌సైట్ నుంచి వచ్చే మనవాళ్ళ సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఇన్‌స్టంట్ కాఫీ సీసా ఉండి తీరాలి. అందులో గింజ ఏ దేశానిదో ఇచ్చేవాడికీ తెలీదు, పుచ్చుకునేవాడికీ తెలీదు. అయినా "ఫారిన్ కాఫీ" అని మురిసిపోతాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన మన గిరిజన రైతులు పండించే అరకు అరాబికాకి 2017లో పారిస్‌లో కొట్టు తెరిచారు. 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. మనకి మాత్రం అరకు అంటే బొర్రా గుహలు, బొంగు చికెన్!

"సరే, అదే కొంటాంలే" అంటారా? అయితే ప్యాకెట్ మీది కొండల బొమ్మ చూసి మోసపోకండి. వెనక్కి తిప్పండి. కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. చికోరీ అంటే వేరు, కాఫీ గింజ కాదు. అది సింగిల్ ఆరిజిన్ కాదండీ, సగం ఆరిజిన్! వేయించిన తేదీ లేదా? అక్కడే పెట్టేయండి.

మీడియం రోస్టే ఎందుకంటే, నల్లగా మాడిస్తే ఏ ఊరి గింజైనా ఒకటే చేదు. మరీ తక్కువ వేయిస్తే పులుపు, పాలు పోసుకునే మన ఇళ్ళలో నప్పదు. వాళ్ళింట్లో గ్రైండర్ లేకపోతే ఫిల్టర్‌కి సరిపడా పొడి పట్టించి ఇవ్వండి.

కోడ్ రివ్యూలో ఒక్క లైను కనిపిస్తే చాలు, "ఇదెక్కడిది?" అని నిలదీస్తాం. రోజూ గొంతులో పోసుకునేదాన్ని అడగడానికి మొహమాటమెందుకో!