అమీర్‌పేటలో కోళ్ళగూడు: ఒక డిజైన్ డాక్యుమెంటు

మా ఆఫీసులో ఒకాయన పోయినేడు ఎక్కడో చూసి రెడీమేడ్ కోళ్ళగూడు తెప్పించుకున్నాడు. ముచ్చటైన చెక్క ఇల్లు, వాలు కప్పు, బుల్లి కిటికీ, పైన ఆకుపచ్చ రంగు. ఇరవై వేల పైమాటే. దాన్ని డాబా మీద పెట్టి నాలుగు పెట్టల్ని తెచ్చాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు చచ్చిపోయాయి. మిగతా రెంటినీ ఎవరికో ఇచ్చేసి, "హైదరాబాదు వాతావరణం కోళ్ళకి పడదండీ" అని తేల్చేశాడు.

పడకపోవడమేమిటి? ఇదే ఊళ్ళో రాజేంద్రనగర్‌లో 1988 నుంచీ కేంద్ర ప్రభుత్వపు కోళ్ళ పరిశోధనా సంస్థ ఉంది. పెరట్లో పెంచుకోవడానికనే వనరాజా, గ్రామప్రియ అనే రకాల్ని తయారుచేసింది వాళ్ళే. కోళ్ళకి ఊరు పడుతుంది. పడనిది ఆ గూడు.

ఆ చెక్క ఇల్లు మంచు కురిసే దేశాల కోసం గీసిన బొమ్మ. అక్కడి పుస్తకాల్లో సగం పేజీలు చలి గాలి లోపలికి రాకుండా ఏం చెయ్యాలన్న దానికే సరిపోతాయి. మనకి జనవరి రాత్రి చలి అంత తీవ్రంగా ఉండదు. ఈకల దుప్పటి కప్పుకున్న కోడికి అదో లెక్క కాదు. అసలు సమస్య ఏప్రిల్, మే నెలల్లో. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఆ తడి ఆరడం వల్లే చల్లబడాలి. బయట గాలి కూడా నలభై దాటితే ఒంట్లో వేడి ఇంకెక్కడికి పోతుంది? అలాంటప్పుడు గాలి ఆడని పెట్టెలో, అదీ కాలిపోతున్న శ్లాబు మీద పెట్టామంటే, దాన్ని గూడు అనకూడదు, పొయ్యి అనాలి.

అంచేత నా వాదన ఏంటంటే, మన దగ్గర చవక గూడే మంచి గూడు. ఖర్చంతా గోడలకే అవుతుంది, ఆ గోడలే మనకి అక్కర్లేదు. కావాల్సినవి నీడ, గాలి, రాత్రిపూట గట్టి కాపలా.

అమీర్‌పేట వెనకవీధిలో మా మేనత్తగారి పాత ఇల్లుంది. చుట్టూ నాలుగైదంతస్తుల హాస్టళ్ళు లేచిపోయినా, వెనకాల ఒక వేపచెట్టు, కాస్త మట్టినేల మిగిలాయి. రెండేళ్ళ కిందట అక్కడ నాలుగు గ్రామప్రియ పెట్టల కోసం గూడు కట్టాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, లోపల మూడడుగుల ఎత్తు. పగలంతా బయటే తిరుగుతాయి కాబట్టి పడుకోవడానికి ఆ చోటు ధారాళంగా సరిపోతుంది. పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ ఉండేలా నిలబెట్టాను. అలాగైతే పొద్దుటి ఎండా, సాయంత్రపు ఎండా పొట్టి గోడల మీదే పడతాయి. పెద్ద పెద్ద ఫారాల షెడ్లు కూడా ఇలాగే కడతారు, గమనించి చూడండి.

స్తంభాలకి సెంట్రింగ్ వాళ్ళు వదిలేసిన సరుగుడు కర్రలు. మూడు వైపులా ఒట్టి మెష్. ఎండా వానా కొట్టే పడమటి వైపు మాత్రం గోనెపట్టా, దాని బయట జానెడు ఎడంగా ఒక పాత ఫ్లెక్సీ. అమీర్‌పేటలో ఫ్లెక్సీకి కరువేముంది! "45 రోజుల్లో పైథాన్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. కోళ్ళింకా కోర్సు పూర్తి చెయ్యలేదు :)

కప్పుకి రేకు వాడాను, కానీ ఒట్టి రేకు వద్దు. పైన సున్నం కొట్టి, దాని మీద తాటాకులు పరిచి కట్టాను. రేకుకీ మెష్‌కీ మధ్య నాలుగంగుళాలు ఖాళీ వదిలితే వేడిగాలి అటే పోతుంది (ఆ సందుకీ మెష్ కొట్టాలి, మర్చిపోవద్దు). చూరు అన్ని వైపులా రెండడుగులు బయటికి వచ్చింది. ఎండ మండే రోజుల్లో మధ్యాహ్నం గోనెపట్టా మీద రెండు చెంబుల నీళ్ళు చల్లితే చాలు. డాబా మీద మాత్రం ఎంత నీడ వేసినా నేను పెట్టను. శ్లాబు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతూనే ఉంటుంది.

గూడు అడుగుభాగం నేలకి రెండడుగుల ఎత్తులో ఉంది. దీనికి కారణం వాన. 2000 ఆగస్టు 24న పక్కనే ఉన్న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు సంగతి సరేసరి. ఇంకో కారణం పందికొక్కు. ఇంగ్లీషువాళ్ళు "బాండికూట్" అనే మాటని మన దగ్గర్నుంచే పట్టుకెళ్ళారు, అంత ఘనమైన జంతువు అది! నేల మీద గూడు పెడితే కిందనుంచి తవ్వుకుంటూ వచ్చేస్తుంది. అందుకే వెదురు బద్దల అడుగుకి కింద కూడా మెష్ కొట్టాను.

అన్నట్టు మెష్ అంటే షాపులో "చికెన్ మెష్" అని చూపించే ఆరు పలకల పల్చటి తీగ కాదు. పేరు చూసి మోసపోవద్దు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ, పిల్లిని బయట ఉంచదు. పిల్లి కాలు దూర్చి అందినకాడికి లాగుతుంది. అర అంగుళం వెల్డ్ మెష్ కావాలి. రాణీగంజ్ ఇనుప కొట్లలో బేరమాడి యాభై చదరపు అడుగులు తెచ్చాను. మొత్తం ఖర్చు ఆరువేల లోపే, అందులో సగానికి పైగా దీనికే పోయింది. మిగతా ఎక్కడైనా కక్కుర్తి పడండి, ఇక్కడ వద్దు.

కడుతుంటే మా అత్తయ్య ఊరుకోలేదు. "ఏరా, మా అమ్మ సాయంత్రం గంప కప్పి పైన రాయి పెట్టేది, అంతే. దీనికిన్ని కొలతలెందుకురా?" అంది. ఆవిడ మాటా నిజమే. అయితే ఆ గంప ఇంటి వసారాలో, మంచం వేసుకుని పడుకున్న మనుషుల మధ్య ఉండేది. అలికిడైతే ఎవరో ఒకరు లేచేవాళ్ళు. ఇక్కడ మనం ఏసీ గదిలో తలుపులేసుకుని పడుకుంటాం. కాపలా మనిషి లేని లోటుని మెష్ పూడ్చాలి, ఓ తాళంకప్ప కూడా. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టమన్న సలహా మాత్రం ఆవిడదే, వంటింటి బీరువాకి పెట్టినట్టు. బ్రహ్మాండంగా పనిచేసింది.

లోపల ఒక అడ్డకర్ర, నిద్రకి. గుడ్లకి అడ్డంగా పడుకోబెట్టిన పెయింటు బకెట్టు, అందులో ఊక. అడ్డకర్ర బకెట్టు కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే బకెట్టులోనే పడుకుని పాడుచేస్తాయి. చలికాలంలో బల్బు అక్కర్లేదు. మనకి అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలుంటుంది.

కంపు గురించి అందరూ అడుగుతారు. రెట్ట ఎండి ఉంటే కంపు లేదు, తడిస్తేనే ఆ ఘాటు. అడుగున ఊక, ఎండుటాకులు పరిచి వారానికోసారి ఎత్తి కుప్ప వేస్తే కొన్నాళ్ళకి కుండీలకి ఎరువు. ఇరుగుపొరుగుతో అసలు గొడవొచ్చేది కంపు వల్ల కాదు, పుంజు వల్ల. పక్క హాస్టల్లో పిల్లలు రెండింటిదాకా చదివి పడుకుంటారు, నాలుగింటికి కొక్కొరొకో అంటే ఊరుకుంటారా? పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, పిల్లలు కావవంతే. ఈ విషయం తెలియని బీటెక్‌లు ఎంతమందో!

గుడ్లు చవగ్గా వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు కోళ్ళకి నెలకి పద్నాలుగు పదిహేను కిలోల మేత కావాలి. నూకలు, తవుడు, వంటింట్లో మిగిలినవి కలిపి నెట్టుకొస్తే కొంత నయం, అయినా కిరాణా కొట్టు గుడ్డుతో పోటీ పడలేం. నేను గూడు చవగ్గా ఉండాలనేది కూడా అందుకే. ఆరువేలంటే సరదాకి పెట్టుకోగలం, ఇరవై వేలు పెట్టాక లెక్కలు చూసుకుంటే ఏడుపొస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ దగ్గర, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అడవి పక్షులు కూడా దాన్ని మోసుకొస్తాయి, మన ఊళ్ళో పావురాలకి కొదవలేదు. అందుకే మేత, నీళ్ళు ఆరుబయట పెట్టకుండా గూట్లోనే పెడతాం. అలాంటి వార్తలొచ్చిన వారాల్లో కోళ్ళని బయటికి వదలం. అప్పుడు నాలుగింటికీ ఆ పన్నెండు చదరపు అడుగులు ఇరుకే. ఈసారి తూర్పు వైపు మెష్‌తో ఇంకో ఆరడుగుల వరండా కలపాలి. అత్తయ్య దండెం జరపడానికి ఒప్పుకుంటే.